మైండంటే మనసా, మతా?

ఇంగ్లీషులో మైండ్ అనే మాట మన వంటింట్లో స్టీలు గిన్నె లాంటిది. పప్పు కడగడానికీ అదే, పిండి కలపడానికీ అదే, మిగిలిన కూర ఫ్రిజ్‌లో పెట్టడానికీ అదే. "డు యూ మైండ్?" అంటే మీకేమైనా అభ్యంతరమా అని. "నెవర్ మైండ్" అంటే పోన్లెండి అని. "మైండ్ యువర్ ఓన్ బిజినెస్" అంటే నీ పని నువ్వు చూసుకో అని (ఈ ఒక్కదాన్నీ బోర్డు రాయించి మా అపార్టుమెంటు లిఫ్టులో పెట్టాలని నాకెప్పటి నుంచో కోరిక). "మేకప్ యువర్ మైండ్" అంటే ఏదో ఒకటి తేల్చుకో అని. తేలకపోతే "ఇన్ టూ మైండ్స్" అంటారు. మనకైతే మనసు పరిపరివిధాల పోతుంది. వాళ్ళు రెండు దగ్గర ఆగిపోయారు, మనం అసలు లెక్కపెట్టడమే మానేశాం.

ఇంకో తమాషా చూడండి. "పీస్ ఆఫ్ మైండ్" అంటే మనశ్శాంతి. "ఐ విల్ గివ్ హిమ్ ఎ పీస్ ఆఫ్ మై మైండ్" అంటే కడిగిపారేస్తాను అని. ఇంగ్లీషులో ఆ రెండు పీసులకీ స్పెల్లింగులు వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. మావారు సాయంత్రం ఆఫీసు నుంచి మొదటిది వెతుక్కుంటూ ఇంటికొస్తారు, ఒక్కోరోజు రెండోది దొరుకుతుంది.

ఈ మాటల గొడవ నాకెందుకు పట్టుకుందంటే, ఒకటి, మా అమ్మాయికి ఈ ఏడాది పదో తరగతి. దాని ఇంగ్లీషు నోట్సులో ఇడియమ్స్ అని రెండు పేజీలున్నాయి, వాటిలో సగం బుర్రకీ జ్ఞాపకానికీ సంబంధించినవే. అప్పజెప్పించుకునేది నేను. రెండోది, మా అత్తయ్య. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. పోయిన మార్గశిరం నుంచి ఆవిడకీ డాక్టరుగారికీ మధ్య దుబాసీని నేనే. అక్కడ ఒక్కో మాట తప్పుగా పడితే ఏమవుతుందో చూశాక ఇడియమ్స్ మీద గౌరవం పెరిగింది.

ముందు నోట్సు సంగతి. "లెర్న్ బై హార్ట్" అంటే బట్టీ పట్టడం. వాళ్ళకి గుండెలో ఉంటుందట పాఠం. మన దగ్గర పాఠం గుండె దాకా వెళ్ళదు. కంఠతా వచ్చంటాం, కంఠస్థం అంటాం, నోటికొచ్చంటాం. గొంతులోనే దాని మకాం. పెద్దవాళ్ళు చిన్నప్పుడు గొంతెత్తి ఎక్కాలు వల్లించినవాళ్ళు కాబట్టి ఆ మాట అలా పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. మా అత్తయ్య విష్ణు సహస్రనామం ఇప్పటికీ ఎక్కడా తడబడకుండా చదువుతారు. మధ్యాహ్నం ఏం కూర తిన్నారంటే మాత్రం చెప్పలేరు. గుండెలో దాచుకున్నవి కదిలిపోయినా గొంతులో ఉన్నది అక్కడే ఉంది.

"టిప్ ఆఫ్ ది టంగ్" మాత్రం వాళ్ళకీ మనకీ ఒకటే. నాలుక చివర ఉంది, బయటికి రావట్లేదు. దీని మీద అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు, బ్రౌన్, మెక్‌నీల్ అని, 1966లోనే పరిశోధన చేశారు. కాలేజీ పిల్లలకి అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, ఆ మాటేమిటో చెప్పమన్నారు. నాలుక చివర ఆడుతున్నవాళ్ళు ఆ మాట చెప్పలేకపోయినా, అది ఏ అక్షరంతో మొదలవుతుందో, పలకడానికి ఎన్ని ముక్కలుంటుందో చాలాసార్లు సరిగ్గానే చెప్పారట. పెళ్ళిలో ఎదురైన ఆవిడ పేరు గుర్తురాక "స తో వస్తుందండీ, మూడక్షరాలు" అని మనం కొట్టుకుంటామే, అచ్చం అదే.

"ఆబ్సెంట్ మైండెడ్"కి మా అమ్మాయి "బుర్ర ఇంట్లో లేకపోవడం" అని అర్థం రాసింది. బాగానే ఉంది కానీ మన పరధ్యానం దానికన్నా మర్యాదైన మాట. ఇంగ్లీషువాడి దృష్టిలో మనిషి మైండు సెలవు పెట్టి వెళ్ళిపోయింది. మన దృష్టిలో ఎక్కడికీ పోలేదు, వేరే దాని మీద ధ్యానంలో ఉంది. పాలు పొంగిపోయినప్పుడు నేనెప్పుడూ రెండో అర్థాన్నే సమర్థిస్తాను.

అది "కీప్ ఇట్ ఇన్ మైండ్"కి "మనసులో పెట్టుకో" అని రాసినప్పుడు మాత్రం పడీపడీ నవ్వాను. మనం మనసులో పెట్టుకునేది ఆడపడుచు అన్న మాట, తోటికోడలు పెట్టిన చీర. "ఏమీ మనసులో పెట్టుకోకు వదినా" అంటాం కదా. పరీక్ష తేదీ మనసులో పెట్టుకోవడం ఏమిటి, గుర్తుపెట్టుకోవాలి. గుర్తంటే అసలు ఒక ఆనవాలు, ఒక గీత. ఎన్నికల్లో అభ్యర్థికిచ్చేదీ గుర్తే, మన తలలో ఉండేదీ గుర్తే. మా అమ్మ పుట్టింటి నుంచి తేవలసిన సామాను మరిచిపోకుండా కొంగుకి ముడి వేసుకునేది. ఇంటికొచ్చాక ఆ ముడి ఎందుకేసిందో అందరం కలిసి ఆలోచించేవాళ్ళం, అది వేరే విషయం.

సరే, అసలు కథకి వస్తాను.

మా అత్తయ్య పుట్టిల్లు బళ్ళారి, మెట్టినిల్లు ఆదోని. ఇంట్లో తెలుగు, పుట్టింటివాళ్ళతో కన్నడం, బజారులో ఉర్దూ. మామయ్యగారు పోయాక హైదరాబాదు మా దగ్గరికొచ్చారు. రెండేళ్ళ క్రితం వరకూ పాలవాడి లెక్కా, చీటీల లెక్కా అంతా ఆవిడ నోటి మీదే. తర్వాత మెల్లగా మొదలైంది. చెప్పిందే చెప్పడం. సాంబారులో రెండుసార్లు ఉప్పు. ఒకరోజు పక్క ఫ్లాటు తలుపు కొట్టి, మా ఇంట్లోకి ఎవరో దూరారని ఫిర్యాదు. ఆ ఎవరో నేనే.

మావారు "అమ్మకి చాదస్తం ఎక్కువైంది" అనేవారు. చాదస్తమనేది ఎంత పెద్ద గోనెసంచో చూడండి. అందులో మడీ, పిసినారితనం, చెప్పిందే చెప్పడం, మతిమరుపు, భయం, అన్నీ వేసి మూతి కట్టేయొచ్చు. ఛాందసుడంటే మొదట వేదం చదువుకున్నవాడని అర్థం. పాపం ఆ మాటకి కూడా వయసైపోయింది. ఒకసారి చాదస్తమని పేరు పెట్టేశాక ఇంక డాక్టరు ఎందుకు? చాదస్తానికి మందు లేదుగా.

మతిమరుపు అంటే ఇంకా తేలిక. మనకి మతిమరుపంటే నవ్వొస్తుంది. 2015లో "భలే భలే మగాడివోయ్" వచ్చింది, హీరోకి మతిమరుపు, హాలంతా నవ్వులు. నేనూ నవ్వాను, మంచి సినిమా. కానీ ఆ హీరోది పరధ్యానం. ఒక పనిలో ఉండగా ఇంకోటి కనిపిస్తే మొదటిది వదిలేస్తాడు. మా ఇంట్లో జరుగుతున్నది అది కాదని నాకు అనిపిస్తూనే ఉంది. మావారితో నాలుగు వారాలు వాదించి (పైన చెప్పిన రెండో రకం పీసు చాలా ఖర్చయింది) అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

ఆసుపత్రిలో లోపలికి పిలిచే ముందు ఒక అమ్మాయి కాగితం తెచ్చి, "పెద్దమ్మకి మినీ మెంటల్ చేయాలి, ఇక్కడ కూర్చోబెట్టండి" అంది. దాని పూర్తి పేరు మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. 1975 నుంచీ ప్రపంచమంతా వాడుతున్న ముప్ఫై మార్కుల పరీక్ష. ఇంగ్లీషులో మెంటలంటే మైండుకి సంబంధించినది, అంతే. తెలుగులో మెంటలంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మా అత్తయ్యకి అన్నీ సరిగ్గా వినపడవు కానీ ఆ ఒక్క మాటా గంటలా వినపడింది.

"నాకు మెంటలా? నన్ను మెంటలాసుపత్రికి తీసుకొచ్చినారా మీరంతా?" అని లేచి నిలబడ్డారు. చెయ్యి వణుకుతోంది. నన్ను గుర్తుపట్టి తిట్టారో, ఎవరో అనుకుని తిట్టారో కూడా తెలీదు. హాలులో అందరూ ఇటే చూస్తున్నారు. మావారి ముఖం చూడలేకపోయాను.

నేను ఆవిడ పక్కన కూర్చుని, "అత్తయ్యా, జ్ఞాపకాల పరీక్షట. మీకెంత గుర్తుందో చూస్తారట. మార్కులు వేస్తారట" అన్నాను. మార్కులనేసరికి కాస్త నెమ్మదించారు. "నేను క్లాసులో ఫస్టొచ్చేదాన్ని" అన్నారు. "అదే చెప్పండి వాళ్ళకి" అన్నాను. కూర్చున్నారు.

డాక్టరుగారు చిన్నవాడే, ఓపిక ఉన్నవాడు. ఇవాళ తేదీ ఎంతమ్మా అంటే అత్తయ్య తడుముకోకుండా "బహుళ పంచమి" అన్నారు. ఆయన పెన్ను ఆగింది. నా ఫోనులో పంచాంగం తీసి చూపించాను, పంచమే. ఏ కాలమని అడిగితే "హేమంతం" అన్నారు. ఆయన కాగితం మీద చలికాలం. అదీ సరైనదేనని చెప్పాను. సంవత్సరం అడిగారు. ఇక్కడ ఆగారు. విశ్వావసు అని చెప్పాలి. చాలాసేపు ఆలోచించి "దుర్మతి" అన్నారు.

డాక్టరుగారు నా వైపు చూశారు. దుర్మతి అంటే 1981. మావారు పుట్టిన సంవత్సరం. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

వందలోంచి ఏడు తీసేసుకుంటూ రమ్మంటే తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అని పాలలెక్క చెప్పినట్టు చెప్పేశారు. చేతి గడియారం చూపిస్తే "అదే, టైము చూసుకునేది" అన్నారు, పేరు రాలేదు. ముందు చెప్పి ఉంచిన మూడు మాటలు తిరిగి చెప్పమంటే ఒక్కటే వచ్చింది, రూపాయి. "రూపాయిని ఎవరు మర్చిపోతారు నాయనా" అన్నారు. డాక్టరుగారు కూడా నవ్వారు. ముప్ఫైకి పందొమ్మిది.

ఆ తర్వాత ఆయన చెప్పిన రెండు సంగతులు మీకు పనికొస్తాయని రాస్తున్నాను. తాళంచెవి ఎక్కడ పెట్టామో మర్చిపోవడం మనందరికీ మామూలే, తాళంచెవి చేతిలో పట్టుకుని అదెందుకో తెలియకపోతే చూపించాలి. ఇంకోటి, జ్ఞాపకం తగ్గిందనగానే భయపడిపోకుండా ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించాలి. అవి తగ్గినా మరుపు వస్తుంది, మందులతో కుదురుకోవచ్చు. దిగులు వ్యాధి ఉన్నా అలాగే కనిపిస్తుందట. మా అత్తయ్యకి అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. స్కాను తర్వాత ఆయన వాడిన మాట డిమెన్షియా, అల్జీమర్స్ రకం.

ఇంటికొచ్చాక ఆ మాట సంగతి చూశాను. డిమెన్షియా లాటిన్ నుంచి వచ్చింది. మెన్స్ అంటే మతి, డి అంటే లేకపోవడం. అంటే ఇంగ్లీషు డాక్టరు గౌరవంగా చెప్పేదీ, మా పెద్దాడపడుచు ఫోనులో "అమ్మకి మతి పోయిందటగా" అని అరిచేదీ ఒక్క మాటే. జపానులో కూడా దీనికి పాతపేరు చిహో అని ఉండేది. ఆ అక్షరాల్లోనే తెలివితక్కువతనం అనే అర్థం ఉందట. ఇలా పిలిస్తే ఎవరు ముందుకొచ్చి చూపించుకుంటారని 2004లో అక్కడి ప్రభుత్వం పేరు మార్చి నించిషో అని పెట్టింది, తెలుసుకునే శక్తికి సంబంధించిన జబ్బు అని. అమెరికా మానసిక వైద్యులు కూడా 2013లో తమ పుస్తకంలో డిమెన్షియా బదులు వేరే పేరు రాసుకున్నారు. అది ఎంత పొడుగుందంటే మతి బాగున్నవాళ్ళకి కూడా గుర్తుండదు. మన పేపర్లలో ఇంకా మతిమరుపు వ్యాధి అనే వస్తోంది. నేను చుట్టాలకి "జ్ఞాపకం జబ్బు" అని చెప్తున్నాను. షుగరు జబ్బు, కీళ్ళ జబ్బు లాగా. ఎవరూ నవ్వట్లేదు, గుసగుసలాడట్లేదు, ఏ డాక్టరని అడుగుతున్నారు. పెద్దాడపడుచు మాత్రం ఇంకా పాతమాటే. ఆవిడని మార్చడం నా వల్ల కాదు.

"షీ హాజ్ లాస్ట్ హర్ మైండ్" అనే వాక్యం కూడా అమ్మాయి నోట్సులో ఉంది. దాన్ని అప్పజెబుతుంటే నాకు నచ్చలేదు. ఒక్క గిన్నెలో అన్నీ వండుకున్నవాడికి గిన్నె పోతే అన్నీ పోయినట్టే. మనకి వేరువేరు గిన్నెలున్నాయి. అత్తయ్యకి గుర్తు పోతోంది నిజమే. ధ్యాస ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు. మనసు మాత్రం ఎక్కడికీ పోలేదు. మా అమ్మాయి పరీక్ష సరిగ్గా రాయలేదని ముఖం వేలాడేసుకుని వస్తే, దాని పేరు చెప్పలేని మనిషి తన పళ్ళెంలో అరిసె తీసి దాని చేతిలో పెట్టారు. దీన్ని లాస్ట్ హర్ మైండ్ అని ఎలా అంటాం చెప్పండి?

మైండ్ అనే మాటకి పాత ఇంగ్లీషులో మొదటి అర్థం జ్ఞాపకమేనట. రిమైండ్ అనే మాటలో అదింకా మిగిలుంది. స్కాట్లండులో ఇప్పటికీ "ఐ మైండ్" అంటే నాకు గుర్తుంది అని. బ్రిటన్‌లో పిల్లల్ని చూసుకునేవాళ్ళని చైల్డ్ మైండర్ అంటారు, అంటే మైండ్ చేయడమంటే కనిపెట్టుకుని ఉండటం కూడా. ఇది చదివాక ఆ స్టీలు గిన్నె మీద కోపం కాస్త తగ్గింది.

భాషల సంగతి వచ్చింది కాబట్టి మన ఊరి గొప్ప ఒకటి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక పరిశోధన ప్రచురించింది. ఒకటి కన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివాళ్ళలో కూడా అంతే. బడికెళ్ళకపోయినా ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి మాట్లాడే మన ఊళ్ళలాంటి చోటే ఇది తేలగలిగింది. మా అత్తయ్య మూడు భాషల మనిషి. ఆ లెక్క ఒక్కో మనిషికీ విడిగా వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు గానీ, ఆ బళ్ళారి కన్నడమూ ఆదోని ఉర్దూ కలిసి మాకు కొన్నేళ్ళు ఎక్కువ ఇచ్చాయని నేను అనుకుంటూ ఉంటాను. అనుకోవడానికి డబ్బులేం పడవుగా.

ఇప్పుడు ఆవిడకి తెలుగు తడబడితే కన్నడం వస్తోంది. ఏదైనా అడిగితే "నెనపిల్లమ్మా" అంటారు, గుర్తులేదని. నెనపు అంటే వాళ్ళకి జ్ఞాపకం. మన పాత తెలుగులో నెనరంటే ప్రేమ. రెండూ ఒక ఇంట్లో పుట్టి వేరే ఊళ్ళకి కోడళ్ళుగా వెళ్ళిన మాటల్లా వినిపిస్తాయి నాకు.

డాక్టరుగారు ఆరు నెలలకోసారి రమ్మన్నారు, ఈలోగా ఇంట్లో ఏం జరుగుతోందో రాసుకొమ్మన్నారు. ఆయనిచ్చిన కాగితంలో మెమరీ, అటెన్షన్ అని ఇంగ్లీషు గళ్ళున్నాయి. అవి పక్కన పెట్టి పాత డైరీలో నేనే గళ్ళు గీసుకున్నాను. గుర్తు, ధ్యాస, పోలిక, మాట, మనసు. రాత్రి గిన్నెలు సర్దాక రెండు నిమిషాల పని. మావారు మొదట్లో తొంగిచూసేవారు, ఇప్పుడు నేను నిద్రపోతే ఆయనే రాస్తున్నారు. మొన్న గురువారం ఆయన దస్తూరీతో ఉన్నది ఇది.

గుర్తు: పొద్దున మాత్ర వేసుకున్న సంగతి లేదు. ధ్యాస: పేపరు ఒక పేజీ చదివింది. పోలిక: నన్ను నాన్న అనుకుంది, కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. మాట: కన్నడం. మనసు: కాఫీలో చక్కెర తక్కువైందా అని రెండుసార్లు అడిగింది.